బెయిల్ వచ్చింది, మనిషి రాలేదు

ఎడిటర్ గారికి,

నమస్కారం.

జైళ్లు కిక్కిరిసిపోయాయనీ, కొత్త బ్యారక్‌లు కట్టాలనీ మీ పేపర్లో ఈమధ్య వచ్చిన వార్త చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. కాస్త పెద్దదే అయింది, వీలైతే కత్తిరించకుండా వేయండి.

నేను ఇరవై ఆరేళ్లు ప్లీడరు గుమాస్తాగా పనిచేశాను. వకాల్తాలు నింపడం, వాయిదాలు డైరీలో ఎక్కించడం, కాపీ అప్లికేషన్లు పెట్టడం, ష్యూరిటీల, అంటే జామీను ఉండేవాళ్ల, కాగితాలు సరిచూసి కోర్టులో అందించడం, ఇదీ నా పని. జైలు గోడ లోపల ఏం జరుగుతుందో అక్కడ ఉండి వచ్చినవాళ్లే చెప్పాలి. కానీ జైలు గేటుకీ కోర్టు మెట్లకీ మధ్య మనుషులు ఎక్కడ ఇరుక్కుపోతారో నాకు బాగా తెలుసు. బ్యారక్‌లు ఎందుకు నిండుతున్నాయి అన్నదానికి సగం జవాబు అక్కడే ఉంది. వార్తల్లో ఆ సగం కనబడదు.

పదేళ్ల కిందటి సంగతి ఒకటి చెబుతాను. బుట్టలు అల్లి అమ్ముకునే ఒకామె మా ఆఫీసుకొచ్చింది, ఎరుకల వాళ్లు. భర్తను దొంగతనం కేసులో రిమాండ్‌కి పంపారు. మా ప్లీడరు గారు ఫీజు మాట ఎత్తకుండానే పిటిషన్ వేశారు, రెండు వాయిదాల్లో బెయిల్ వచ్చింది. పదివేల చొప్పున ఇద్దరు జామీను ఉండాలని ఆర్డర్. "గుమాస్తాబాబూ, రేపు ఇంటికొచ్చేస్తాడా?" అని అడిగింది. "రేపో ఎల్లుండో వచ్చేస్తాడమ్మా, ఇంటిపన్ను రసీదు ఉన్నవాళ్లను ఇద్దర్ని వెంటబెట్టుకుని రా" అన్నాను.

మర్నాడు ముగ్గురు మగవాళ్లను తీసుకొచ్చింది. ఒక ప్లాస్టిక్ కవరు విప్పి నా బల్ల మీద ఒక్కొక్కటీ పరిచింది. రేషన్ కార్డులు, ఓటరు కార్డులు, ఆధార్ జిరాక్సులు, ఒక గ్యాస్ పుస్తకం, చివరికి పిల్లాడి స్కూలు బోనఫైడ్ కూడా. అన్నీ తడిసి ఆరినట్టు అంచులు ముడుచుకుపోయి ఉన్నాయి. "ఇవి చాలవా బాబూ?" అంది. చాలవు. వాళ్లుండేది కాలవ గట్టు మీద, పోరంబోకు స్థలంలో. పట్టా లేదు కాబట్టి ఇంటి నంబరు లేదు, నంబరు లేదు కాబట్టి పన్ను లేదు, పన్ను లేదు కాబట్టి రసీదు లేదు. ఆ పేటలో నలభై గడపలు ఉంటాయి. అందరూ అతని కోసం వచ్చి నిలబడతామన్నవాళ్లే, కోర్టు ఒప్పుకునే కాగితం మాత్రం ఒక్కరి దగ్గరా లేదు.

కోర్టు బయట డబ్బు తీసుకుని జామీను ఉండేవాళ్లు దొరుకుతారు, అది అందరికీ తెలిసిన సంగతే. వాళ్ల రసీదు అసలుదో కాదో దేవుడికెరుక. వాళ్లు అడిగినంత ఆమె దగ్గర లేదు. ఆమె వారానికి రెండుసార్లు వచ్చి వేపచెట్టు కింద కూర్చునేది. ములాఖత్‌కి, అంటే జైల్లో అతన్ని చూసి రావడానికి, రెండు బస్సులు మారాలి, ఆ రోజు బుట్టల అమ్మకం పోతుంది. నెల తర్వాత పందుల్ని అమ్మేశారు. పెద్ద పిల్లాడు బడి మానేశాడు. జామీను షరతు సడలించమని మళ్లీ పిటిషన్ వేస్తే, నాలుగో నెలలో సొంత పూచీకత్తు మీద అతను బయటికొచ్చాడు. తర్వాత రెండేళ్లకు సాక్ష్యం లేదని కేసు కొట్టేశారు.

ఆ నాలుగు నెలల్లో ఒక్కసారైనా నాకు ఇంకో మాట తట్టలేదు, అదే ఇప్పటికీ బాధ. అతనికి జామీను దొరకలేదని అనుకున్నాను గానీ, ఆ పేట మొత్తానికీ జామీను ఉండే హక్కే లేకుండా పోయిందని అనుకోలేదు. రేపు ఆ నలభై ఇళ్లలో ఎవర్ని పట్టుకెళ్లినా ఇదే జరుగుతుంది. ఈ సంగతి కేసు ఫైల్లో ఉండదు, జైలు రిజిస్టర్లో ఉండదు. కాలవ గట్టు మీదికి వెళ్లి ఇంటింటికీ తిరిగి అడిగితేనే తెలుస్తుంది. ఎవరూ వెళ్లలేదు. నేనూ వెళ్లలేదు.

ఇక లెక్కలు చూడండి. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం 2022 చివరికి దేశం మొత్తం జైళ్లలో 4,36,266 మందికి చోటు ఉంటే 5,73,220 మంది ఉన్నారు. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే, అంటే నూటికి 75 మందికి పైగా ఇంకా నేరం రుజువు కానివాళ్లు. జైళ్లలో ఉన్న చోటు, విచారణ ఖైదీల సంఖ్య, ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు గుండె ఆగినంత పనైంది. శిక్ష పడినవాళ్లు ఒక్కరూ లేకపోయినా, విచారణ ఖైదీలతోనే దేశంలోని జైళ్లన్నీ దాదాపు నిండిపోతాయి. కులం, చదువు, వయసు, అన్నిటికీ ఆ బ్యూరో లెక్కల పుస్తకంలో పట్టికలున్నాయి. బెయిల్ వచ్చి కూడా జామీను లేక ఎంతమంది ఆగిపోయారో చెప్పే పట్టిక మాత్రం లేదు. 2023 మొదట్లో సుప్రీంకోర్టు అడిగితే జాతీయ న్యాయ సేవల సంస్థ ఒక లెక్క చెప్పింది: బెయిల్ వచ్చినా జైల్లోనే ఉన్నవాళ్లు సుమారు 5 వేల మంది, సాయం చేశాక విడుదలైనవాళ్లు 1,417 మంది. అప్పటిదాకా ఆ 5 వేల మంది ఎవరి కంటికీ ఆనలేదు.

ఇది కొత్త సమస్యేం కాదు. 1978లో మోతీరాం అనే తాపీ మేస్త్రీ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. మధ్యప్రదేశ్ మేజిస్ట్రేటు పదివేల జామీను అడిగాడు, అతని సోదరుడు నిలబడతానంటే వేరే జిల్లాలో ఉన్నాడని, ఆస్తి అక్కడుందని ఒప్పుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పులో మన పేరు కూడా ఎత్తి అడిగారు: ఒక మలయాళీయో కన్నడిగుడో తమిళుడో ఆంధ్రుడో బస్తర్‌లోనో పోర్ట్ బ్లెయిర్‌లోనో చాందినీ చౌక్‌లోనో అరెస్టయితే, అక్కడ ఆస్తులున్న జామీనుదారుల్ని ఎక్కడినుంచి తెస్తాడు అని. నలభై ఏడేళ్లు దాటింది. ఇప్పటికీ మన కోర్టుల్లో ఒడిశా ఇటుకబట్టీ కూలీకో బిహార్ సెంట్రింగ్ కూలీకో బెయిల్ వస్తే, లోకల్ ష్యూరిటీ అన్న మాట మళ్లీ మళ్లీ వినబడుతూనే ఉంటుంది.

మరుసటి ఏడాది, 1979లో, హుస్సేనారా ఖాతూన్ కేసు. కె.ఎఫ్. రుస్తంజీ అనే ఐపీఎస్ అధికారి బిహార్ జైళ్లకు వెళ్లి చూశారు. నేరం రుజువైతే పడే శిక్ష కంటే ఎక్కువ కాలం విచారణ ఖైదీలుగానే మగ్గుతున్నవాళ్లను చూసి పత్రికలో రాశారు. ఆ వ్యాసాలు చదివి కపిలా హింగోరాణీ అనే లాయరు సుప్రీంకోర్టు తలుపు తట్టారు. ఆ కేసు వల్ల దేశమంతటా సుమారు 40 వేల మంది బయటికొచ్చారని చెబుతారు. ఒక మనిషి వెళ్లి చూసి, అడిగి, రాసినందుకు జరిగిన పని అది. పత్రికవాళ్లు కదా, మీకు ఇది గుర్తుచేయాలనిపించింది.

ఆ తీర్పులోనే జస్టిస్ భగవతి న్యూయార్క్‌లో జరిగిన ఒక ప్రయత్నం గురించి రాశారు. 1961లో అక్కడ మాన్‌హాటన్ బెయిల్ ప్రాజెక్టు అని మొదలుపెట్టారు. లా విద్యార్థులు అరెస్టయినవాళ్ల దగ్గర కూర్చుని మామూలు ప్రశ్నలు అడిగేవారు: ఈ చిరునామాలో ఎన్నాళ్లుగా ఉంటున్నావు, ఇంట్లో ఎవరెవరున్నారు, పనేంటి, ఇంతకుముందు కేసులున్నాయా. చెప్పింది నిజమో కాదో వాళ్లవాళ్లకు ఫోన్ చేసి కనుక్కునేవారు. ఊరితో బంధం గట్టిగా ఉందనిపిస్తే డబ్బు లేకుండా, సొంత మాట మీద వదలమని జడ్జికి చెప్పేవారు. మూడేళ్లలో అలా వదిలినవాళ్లు మూడున్నర వేల మంది ఉంటే నూటికి 98 మందికి పైగా వాయిదాలకు తిరిగొచ్చారు. పారిపోతారన్న భయం ఎంత ఉత్తదో దానితో తేలింది. 1966లో అమెరికా తన బెయిల్ చట్టాన్నే మార్చుకుంది. మన సుప్రీంకోర్టు కూడా, ఎంతకాలంగా ఇక్కడ ఉంటున్నాడు, కుటుంబం ఎక్కడుంది, ఊళ్లో బాధ్యత గల మనిషి ఎవరైనా ఇతని గురించి చెప్పగలరా అని చూసి సొంత పూచీకత్తు మీద వదలొచ్చని అప్పుడే చెప్పింది.

చెప్పగలరు. ఆ కాలవ గట్టు మీద నలభై ఇళ్లవాళ్లు చెప్పగలరు. అడిగేవాళ్లు కావాలి.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా ఆదేశాలిచ్చింది. బెయిల్ వచ్చి ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ సెక్రటరీకి చెప్పాలి. ఆ ఖైదీ ఇంటి పరిస్థితి, ఆర్థిక స్థితి మీద పారా లీగల్ వాలంటీర్ల చేతనో ప్రొబేషన్ అధికారుల చేతనో నివేదిక రాయించొచ్చు. నెల దాటితే కోర్టు తనంతట తనే షరతులు తగ్గించే విషయం చూడొచ్చు. లోకల్ ష్యూరిటీ కోసం పట్టుబట్టకూడదు. ఇవన్నీ చదివినప్పుడు నాకు చాలా సంతోషమేసింది. కానీ ఆ నివేదిక రాసేది ఎవరు? ఫారం నింపి, ఆస్తి లేదు, నెల ఆదాయం ఇంత అని రాసి సంతకం పెట్టేస్తే అది మళ్లీ ఇంకో కాగితమే అవుతుంది. అదే పేటలో పుట్టినవాళ్లో, ఒకప్పుడు జైలుకెళ్లి వచ్చినవాళ్లో రాస్తే అందులో పట్టా సంగతి వస్తుంది, బస్సు ఖర్చు వస్తుంది, బడి మానేసిన పిల్లాడు వస్తాడు.

అదే ఏడాది కేంద్రం పేద ఖైదీల కోసం ఒక పథకం తెచ్చింది. విచారణ ఖైదీకి జామీను కోసం 40 వేల దాకా, శిక్ష పడి జరిమానా కట్టలేక ఆగిపోయినవాడికి 25 వేల దాకా ఇస్తామని అప్పట్లో చెప్పారు. మంచి ఆలోచనే, కాదనను. కానీ మా దగ్గర ఆగిపోయినవాళ్లలో చాలామందిని కోర్టు అడిగింది డబ్బు కాదు, ఆస్తి ఉన్న మనిషిని. డబ్బు కట్టడానికి వీలుగా ఆర్డర్ మార్చమని మళ్లీ పిటిషన్ వేయాలి, దానికి మళ్లీ వాయిదా. పైగా గంజాయి కేసుల వాళ్లకు ఈ పథకం వర్తించదు. విశాఖ సెంట్రల్ జైలుకు వెళ్లి చూడండి, లోపలున్నవాళ్లలో గంజాయి కేసుల వాళ్లెంతమందో. పాడేరు, అరకు, చింతపల్లి వైపు కొండల్లోంచి మూటలు మోసినందుకు కూలి తీసుకున్న పిల్లలు వాళ్లలో ఎందరో. సరుకు ఎవరిదో, డబ్బు ఎవరు పెట్టారో చాలాసార్లు ఆ పిల్లలకే తెలియదు. ఇరవై కిలోలు దాటితే కమర్షియల్ క్వాంటిటీ, అంటే వ్యాపారానికి సరిపడే సరుకు కింద లెక్క, ఇక బెయిల్ చాలా కష్టం, శిక్ష పడితే పదేళ్లకు తక్కువ ఉండదు. పథకం రాసేముందు ఏజెన్సీలో నాలుగు గూడేలకు వెళ్లి తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడి ఉంటే ఆ మినహాయింపు అలాగే పెట్టేవారా అని నాకు అనుమానం.

క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే కొత్త చట్టంలో, అదే 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో, ఇంకో మంచి సెక్షన్ ఉంది, 479. ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాళ్లు, తమ మీద మోపిన నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలే గడిపేస్తే బాండ్ మీద వదలాలి. పాత కేసులకూ ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు ఆ ఆగస్టులోనే చెప్పింది. అయితే అదే సెక్షన్‌లో కింద ఇంకో మాట ఉంది: ఒకటి కంటే ఎక్కువ కేసులు నడుస్తుంటే ఇది వర్తించదు. గుమాస్తా పని చేసినవాడికి ఈ ఒక్క లైను చాలు, కళ్ల ముందు మొత్తం బొమ్మ కనబడుతుంది. ఒక ఎరుకల కుర్రాణ్ణో యానాది కుర్రాణ్ణో ఒక దొంగతనంలో పట్టుకున్నారంటే, తేలని పాత కేసులు నాలుగైదు అతని మీద పడతాయి, ఒక స్టేషన్ తర్వాత ఇంకో స్టేషన్ పీటీ వారెంట్ (జైల్లో ఉన్నవాణ్ణి ఇంకో కేసులో హాజరుపరచమనే ఆర్డర్) వేసి పట్టుకెళ్తుంది. ఇక అతనికి ఆ మూడో వంతు లెక్క ఎప్పటికీ అందదు. చట్టం రాసినవాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు. ఏ కులాలవాళ్ల మీద ఎలా కేసులు పడతాయో తెలిసిన మనిషి ఆ బల్ల దగ్గర లేడు.

ఇది మన నేల మీద చాలా పాత కథ. 1871లో బ్రిటిష్ వాళ్లు క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చి కొన్ని కులాల్ని పుట్టుకతోనే నేరస్తులన్నారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా ఏర్పడిన సెటిల్‌మెంటే, సాల్వేషన్ ఆర్మీ నడిపింది. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఆ చట్టం రద్దయింది. ఊరి పేరు వినగానే దొంగలు అనే మాట మాత్రం ఇంకా రద్దు కాలేదు. డెబ్బైల్లో హేమలతా లవణం, లవణం గార్లు అక్కడికి వెళ్లి, ఆ కుటుంబాలతో ఏళ్ల తరబడి మసిలి, వాళ్ల మాట విని పనిచేశారు. జాషువా గారమ్మాయి ఆమె, చాలామందికి ఆ సంగతి తెలియదు. బయట పోలీసుకీ లోపల కుటుంబానికీ మధ్య మనుషులుగా నిలబడ్డారు. ఆ అనుభవమంతా ఎవరైనా కూర్చుని నేర్చుకోవాల్సింది కాదూ?

2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు జైళ్లలో కుల వివక్ష చెల్లదని తీర్పిచ్చింది కదా, అది కూడా ఇలా మొదలైందే. సుకన్యా శాంత అనే జర్నలిస్టు జైలుకెళ్లొచ్చినవాళ్లను వెతుక్కుంటూ వెళ్లి, లోపల నీకు ఏ పని ఇచ్చారు, ఎందుకిచ్చారు అని అడిగారు. ఊడ్చే పని ఒక కులానికి, వంట పని ఇంకో కులానికి అని జైలు మాన్యువళ్లలోనే రాసి ఉందని అలా బయటపడింది. ఆ మాన్యువళ్లు ఎవరో దాచిపెట్టినవి కావు, దశాబ్దాలుగా బీరువాల్లో ఉన్నవే. ఎంతోమంది ఐఏఎస్‌లు, ఐపీఎస్‌లు, జడ్జీలు జైళ్లు తనిఖీ చేసి ఉంటారు. తప్పు ఎక్కడుందో మాత్రం చీపురు పట్టినవాడు చెబితేనే తెలిసింది.

కాబట్టి నేను అడిగేది ఒక్కటే. బ్యారక్‌లకు టెండర్లు పిలిచే ముందు, జైళ్లకు ఒకసారి సామాజిక తనిఖీ చేయించండి.

ఈ మాట వినగానే మన పల్లెల్లో ఎవరికైనా అర్థమవుతుంది, ఎందుకంటే ఇది మనకు తెలిసిన పనే. ఉపాధి హామీ వచ్చిన 2006లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీ మొదలుపెట్టారు, 2009లో దానికోసం విడిగా ఒక సొసైటీ కూడా పెట్టారు. కూలీల ఇళ్లలోని చదువుకున్న పిల్లలకే శిక్షణ ఇచ్చి, మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, చేతికిచ్చి ఇంటింటికీ పంపారు. నువ్వు ఎన్ని రోజులు పనిచేశావు, చేతికి ఎంతొచ్చింది, కాగితంలో ఎంతుంది అని అడిగి, మండలంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందూ చదివారు. లేనివాళ్ల పేరుతో వేసిన మస్టర్లు అలా బయటపడ్డాయి. అప్పటిదాకా లెక్కంటే ఆఫీసులో కూర్చున్నవాళ్ల పని అనుకున్నాం. పలుగూ పారా పట్టినవాళ్ల పిల్లలు ఆ పని చేసి చూపించారు. దేశమంతా వచ్చి మన దగ్గర నేర్చుకుంది.

జైలుకు ఇదే చేయలేమా? ఒక జిల్లా తీసుకోండి. ఒక ఏడాదిలో బెయిల్ వచ్చినవాళ్లకు ఆర్డర్ ఏ తేదీన వచ్చింది, మనిషి ఏ తేదీన గేటు దాటాడు, మధ్యలో ఎన్ని రోజులు, ఎందుకు. మొదటి రెండూ కోర్టులో, జైల్లో ఉంటాయి. మూడోది తీసివేతే. నాలుగోది మాత్రం ఇంటికి వెళ్తేనే దొరుకుతుంది. వెళ్లేవాళ్లలో సగం మంది జైలుకెళ్లి వచ్చినవాళ్లో వాళ్ల ఇళ్లవాళ్లో కావాలి, వాళ్లకు రోజు కూలి కాదు, సరైన జీతం ఇవ్వాలి. మిగతావాళ్లు లా కాలేజీ పిల్లలు, డ్వాక్రా మహిళలు, సోషల్ వర్క్ చదివేవాళ్లు. ముంబైలో టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ల 'ప్రయాస్' 1990 నుంచి జైళ్లలో సోషల్ వర్కర్లను పెట్టి పనిచేస్తోంది, అలాంటివాళ్ల దగ్గర శిక్షణ తీసుకోవచ్చు.

ఒక్క విషయంలో ఉపాధి హామీ పద్ధతి పనికిరాదు. పేర్లు సభలో చదవకూడదు. కేసున్న మనిషి పేరు మైకులో వినిపిస్తే అతని కూతురి సంబంధం చెడిపోతుంది, అతనికి పని ఇచ్చే మేస్త్రీ మానేస్తాడు. పేట లెక్క చెప్పండి, మనిషి పేరు వద్దు. ఇంకోటి, మొదట ఏ ప్రశ్నలు అడగాలన్నది కూడా వాళ్లే తేల్చాలి. మనం ఆఫీసులో కూర్చుని నలభై ప్రశ్నల ఫారం అచ్చేసుకుని వెళ్తే, ముందే మనకు తెలిసిన జవాబులే వస్తాయి. కాలవ గట్టు మీద ఉన్నామె అయితే, ములాఖత్‌కి రానుపోను ఎంతవుతుంది అన్నది మొదటి ప్రశ్నగా పెడుతుంది. నాకు ఇరవై ఆరేళ్లలో అది ఎప్పుడూ తట్టలేదు. ఆ ఫలితం ఏం వచ్చిందో తిరిగి ఆ పేటకే వెళ్లి, వాళ్ల భాషలో కూర్చోబెట్టి చెప్పాలి. వేలిముద్ర తీసుకుని వెళ్లిపోయినవాళ్లను వాళ్లు చాలామందిని చూశారు.

భాష అన్నాను కనుక ఇదీ చెప్పాలి. 2013 డిసెంబర్‌లో శేషాచలం అడవుల్లో ఇద్దరు అటవీ అధికారులను చంపేశారు. ఆ కేసులో తమిళనాడు కొండల నుంచి వచ్చిన కూలీలను వందలమందిని పట్టుకొచ్చారు. తెలుగు రాదు, ఇక్కడ ఎవరూ తెలియదు, ఇంటివాళ్లు రావాలంటే రాష్ట్రం దాటాలి. 2016లో తిరుపతి కోర్టు దాదాపు మూడొందల మందిని నిర్దోషులని వదిలేసింది. అన్నాళ్లు వాళ్ల ఇళ్లు ఎలా గడిచాయో మనం అడగలేదు. ఆ ఇద్దరు అధికారుల కుటుంబాలను కూడా అడగలేదు, వాళ్లకు మాత్రం ఏం జవాబు దక్కిందని?

అందుకే నష్టపోయినవాళ్లను కూడా ఈ తనిఖీలో అడగాలి అంటాను. మా ఇంట్లోనూ దొంగతనం జరిగింది. మా ఆవిడ నానుతాడు పోయింది, మళ్లీ దొరకలేదు. ఎవర్నో పట్టుకున్నామన్నారు, సాక్షిగా ఏడు వాయిదాలకు పిలిచారు, ఏడుసార్లూ ఆమె ఉదయం నుంచి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చుని వచ్చింది. అతను జైల్లో ఎన్నాళ్లుండాలి అని ఆమె ఎప్పుడూ అనలేదు. వస్తువు దొరుకుతుందా లేదా చెప్పండి, మళ్లీ రాత్రిపూట ఎవరూ రాకుండా ఆ వీధిలో లైటు వేయించండి, అంతే అడిగేది. ఆ రెండు మాటలూ రాసుకోవడానికి కేసు కాగితంలో ఎక్కడా గడి లేదు. దొంగతనాలు ఎక్కువగా జరిగేదీ, అరెస్టులు ఎక్కువగా జరిగేదీ తరచూ ఒకే పేటల్లో. ఒకే ఇంట్లో అన్న మీద కేసుంటుంది, తమ్ముడి సైకిల్ పోయి ఉంటుంది. వాళ్లను రెండు పక్షాలుగా విడదీసి చూడటం కోర్టుకు అలవాటు, ఆ వీధిలో ఉండేవాళ్లకు కాదు.

నేరం చేసినవాళ్లను నెత్తిన పెట్టుకోమంటున్నావా అని కొందరు అడుగుతారు, మా బంధువుల్లోనే అడిగారు. హత్యలు, అత్యాచారాలు చేసినవాళ్లను వదిలేయమని నేనెక్కడా అనలేదు. జడ్జిగారు ఫైలు చూసి, వాదన విని, ఇతన్ని వదలొచ్చు అని సంతకం పెట్టినవాళ్ల గురించి మాట్లాడుతున్నాను. వదలొచ్చని కోర్టే చెప్పాక కూడా ఇంటిపన్ను రసీదు లేనందుకు ఉంచుతున్నాం. దానికోసం ఇంకో బ్యారక్ కడతాం అంటున్నాం. 2022 రాజ్యాంగ దినోత్సవం నాడు రాష్ట్రపతి ముర్ము గారు కూడా ఇదే అడిగారు, మనం అభివృద్ధి వైపు వెళ్తుంటే ఇంకా కొత్త జైళ్లు ఎందుకు అని. ఆమె ఒడిశా మారుమూల ఆదివాసీ గ్రామం నుంచి వచ్చిన మనిషి, జైల్లో ఎవరుంటారో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఎడిటర్ గారూ, మీ విలేకరులు ప్రతి మండలంలో ఉన్నారు. ప్రభుత్వం మొదలుపెట్టేదాకా ఆగక్కర్లేదు, ఒక్క జిల్లాలో ఒక్క జైలు దగ్గర వారం రోజులు ములాఖత్ లైన్లో నిలబడ్డవాళ్లతో మాట్లాడించండి. ఏ ఊరు, ఎన్ని బస్సులు, బెయిల్ వచ్చిందా, వస్తే ఎందుకు ఆగింది, ఇవే నాలుగు మాటలు.

నా దగ్గర పాత డైరీలున్నాయి, ఇరవై ఆరేళ్లవి. వాయిదాలతో పాటు బెయిల్ ఆర్డర్ వచ్చిన తేదీ, విడుదలైన తేదీ పక్కపక్కనే రాసుకునే అలవాటు నాది. కొన్ని చోట్ల ఆ రెండు తేదీల మధ్య తేడా రెండు రోజులు, కొన్ని చోట్ల నెలలు, కొన్ని చోట్ల రెండో తేదీ ఖాళీగానే ఉంది. లా కాలేజీ పిల్లలెవరైనా ఈ పనికి సిద్ధపడితే, పేర్లు కొట్టేసి ఆ డైరీలు ఇచ్చేస్తాను. రెండో తేదీ ఖాళీగా ఉన్నవాళ్ల ఊళ్లకు దారి చూపించడానికి నేనూ వస్తాను, మోకాళ్లు ఇంకా పనిచేస్తున్నాయి. మొదట కాలవ గట్టు మీదికే వెళ్దాం. బుట్టలల్లే ఆమె ఇంకా అక్కడే ఉంటోంది, మొన్న సంతలో కనబడి పెద్దోడు ఇప్పుడు ఆటో నడుపుతున్నాడని చెప్పింది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ప్లీడరు గుమాస్తా,
తూర్పు గోదావరి జిల్లా